సింగపూర్ జీఎస్టీ రీఫండ్ తిరుపతి బ్యాంకు కార్డుకు వస్తుందా?

వస్తుంది. కార్డు తిరుపతి బ్రాంచిదా, చిత్తూరుదా అన్నది రీఫండ్ ఇచ్చేవాళ్లకు అనవసరం. వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డు ఇవ్వండి, గొడవ ఉండదు. వస్తువులు కొనడానికి వాడిన కార్డే ఇవ్వాలన్న రూలు కూడా లేదు.

ముందు అర్హత చూసుకోండి. టూరిస్టులకే ఇస్తారు, అక్కడ ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయి పేరు మీద కుదరదు. ఈ రీఫండ్ స్కీములో ఉన్న షాపులో కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు ఉండాలి, బిల్లు వేసేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి. హోటల్ గది, భోజనం లెక్కలోకి రావు.

అసలు పని సింగపూర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అక్కడి చాంగి ఎయిర్‌పోర్టులో ఉంటుంది. వస్తువులు పెద్ద సూట్‌కేసులో పెట్టి లగేజీకి వేసేట్టయితే, దాన్ని అప్పగించకముందే రీఫండ్ కియోస్క్ (మనమే వివరాలు నింపే మెషిన్) దగ్గరికి వెళ్లండి. కస్టమ్స్ వాళ్లు వస్తువు చూపించమనవచ్చు. చెన్నైలో దిగి, తిరుపతి బస్సెక్కాక గుర్తొస్తే ఇక చేసేదేమీ లేదు.

జీఎస్టీ 9 శాతమే అయినా అంతా చేతికి రాదు. సర్వీస్ ఛార్జీ పోతుంది, డాలర్లు రూపాయలయ్యేటప్పుడు ఇంకాస్త తగ్గుతుంది. డబ్బు మీ సేవింగ్స్ ఖాతాలో కాదు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో జమగా కనిపిస్తుంది. చాలామంది పాస్‌బుక్కులో వెతికి టెన్షన్ పడేది ఇందుకే. ఆ జమ చూసుకుని నెల బిల్లు కట్టడం మానకండి, సాధారణంగా బ్యాంకులు దాన్ని చెల్లింపుగా లెక్కేయవు. రీఫండ్ వచ్చేదాకా ఆ కార్డు రద్దు చేయించొద్దు, కియోస్క్ ఇచ్చిన స్లిప్పు పారేయొద్దు.