టెక్ సందేహాలు: పచ్చికట్టె, పాత యజమాని ఖాతా

ప్రశ్న: డల్లాస్ దగ్గర నిరుడు ఇల్లు కొన్నాం. పాత యజమాని పెట్టించిన స్మార్ట్ థర్మోస్టాట్ (ఇంటి వేడిని అదుపుచేసే, ఇంటర్నెట్‌కు కలిపిన పరికరం) ఉంది. డిసెంబరులో నెల రోజులు విజయవాడ వస్తున్నాం. అక్కడి నుంచి ఫోనుతో హీటింగ్ నడపవచ్చా? కరెంటు పోతే పనికొస్తాయని కట్టెలు కూడా కొన్నాం. తేమ మీటరు 12 శాతమే చూపిస్తోంది, కానీ కట్టెలు పొగ చిమ్ముతున్నాయి. మీటరు చెడిపోయిందా?

జవాబు: మీటరు బాగానే ఉండి ఉంటుంది. మీరు గుచ్చిన చోటు చూడండి. కట్టె పైన ముందే ఆరిపోతుంది, తేమ లోపల దాగుతుంది. ఒక మొద్దును అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడిన ముఖం మధ్యలో సూదులు దించండి. 20 శాతం దాటితే అది పచ్చికట్టే. ఓక్ అయితే చీల్చి పేర్చాక ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు ఆరాలి. దాన్ని వచ్చే ఏటికి ఉంచి, ఈ చలికి ఎండుకట్టెలు తెచ్చుకోండి. పచ్చికట్టె పొగ చిమ్నీలో జిగట మసిగా పేరుకుని, ఏదో ఒక రోజు అదే అంటుకుంటుంది.

నన్ను కలవరపెడుతున్నది మీ థర్మోస్టాట్. ఇల్లు మారిన పాఠకులు చాలామంది ఇలాగే రాస్తారు, ఒక్కరూ పాత ఖాతా సంగతి ఎత్తరు. ఆ ఖాతా ఇంకా అందులో ఉంటే మీ ఇంటి వేడి వేరొకరి చేతిలో ఉన్నట్టే. అంతకన్నా ప్రమాదం, ఆ యాప్ ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని నెల పొడవునా చూపిస్తుంది. పాత యజమాని మంచివారే కావచ్చు, ఆయన పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో మీకు తెలియదు. ఈ వారమే పరికరాన్ని పూర్తిగా రీసెట్ చేసి, మీ పేరుతో కొత్త ఖాతా తెరిచి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఇల్లు చూసే మిత్రుడికి మీ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపకండి. యాప్‌లో ఆయనను విడిగా చేర్చి, తిరిగి రాగానే తీసేయండి. ఇవన్నీ చేశాకే విజయవాడ నుంచి నడపండి.

ఈ పరికరాలు తయారుచేసేవాళ్ల మీద నాకు ఓపిక నశించింది. 2016 జనవరిలో ఒక స్మార్ట్ థర్మోస్టాట్ అప్‌డేట్ లోపం వల్ల బ్యాటరీలు ఖాళీ అయి, నడి చలికాలంలో ఇళ్లు చల్లబడ్డాయి. అదే ఏడాది నవంబరులో ఫిన్లాండ్‌లోని లాపేన్‌రాంటాలో సైబర్ దాడి జరిగి, రెండు భవనాల హీటింగ్‌ను నడిపే కంప్యూటర్లు పదేపదే రీబూట్ అవుతూ పని మానేశాయి. ఇంటర్నెట్ లేకపోయినా గోడ దగ్గర నిలబడి చేత్తో నడపలేని థర్మోస్టాట్‌ను కొనకూడదు. అప్‌డేట్లు పంపాలంటే వేసవి ఉంది కదా, చలికాలంలో ఎందుకు?

ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ ఉందని కూడా ధీమా వద్దు, దాని ఫ్యాను తిరగాలన్నా కరెంటు కావాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. చలికి తాళలేక కొందరు గ్యారేజీలో జనరేటర్ వేశారు, ఇంట్లో బొగ్గుల పొయ్యి వెలిగించారు, కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అందుకే కట్టె వెలిగించే ఇంట్లో పడకగదుల దగ్గర బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ఫోనుకు మెసేజ్ పంపే రకం ఒక్కటే నమ్ముకోకండి, కరెంటుతో పాటు వైఫై కూడా పోతుంది. పాత యజమాని వదిలి వెళ్లిన అలారం ఉంటే, తిప్పి వెనక ముద్రించిన తేదీ చూడండి. లోపలి సెన్సార్‌కు గడువుంటుంది, అది దాటితే బటన్ నొక్కినప్పుడు కూత వినిపించినా దాన్ని తీసి కొత్తది బిగించండి.