పాఠకుల ప్రశ్నలు: ట్రంప్ పునరాగమనం, అమెరికా మైత్రులు

ప్రశ్న: ట్రంప్ 2017 నుంచి 2021 వరకు కూడా అధ్యక్షుడే. అప్పుడూ అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోలోని దేశాలను గట్టిగానే మందలించారు, అయినా కూటమి నిలబడింది. ఈసారి ఐరోపా ఇంతగా కలవరపడటానికి కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆయన మాటల్లో కంటే ఆయన తిరిగి రావడంలోనే ఆ కారణం ఎక్కువగా ఉంది. 2016లో ఆయన గెలిచినప్పుడు బెర్లిన్, పారిస్ నాయకుల్లో చాలామంది నాలుగేళ్లు ఓపిక పడితే అమెరికా మళ్లీ పాత దారిలోకి వస్తుందని నమ్మారు. 2017 మే నెలలో బ్రస్సెల్స్‌లోని నాటో కొత్త ప్రధాన కార్యాలయంలో, ఒక్కరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్టేనని చెప్పే ఐదో అధికరణం స్మారకం దగ్గరే నిలబడి, ఆ హామీకి కట్టుబడి ఉంటామన్న మాట పలకకుండానే ట్రంప్ ప్రసంగం ముగించారు. కొద్దిరోజులకే జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్, ఇతరుల మీద పూర్తిగా ఆధారపడగలిగిన కాలం కొంతవరకు గడిచిపోయిందన్నారు. అన్నారే గాని, జర్మనీ తన సైన్యం మీద పెట్టే ఖర్చు మాత్రం ఆమె పదవీకాలం ముగిసేదాకా నాటో లక్ష్యమైన జీడీపీలో 2 శాతానికి చేరలేదు. ఇంతలో 2020 ఎన్నికల్లో ట్రంప్ ఓడిపోయారు, 2021 ఫిబ్రవరిలో బైడెన్ మ్యూనిక్ భద్రతా సమావేశాన్ని ఉద్దేశించి అమెరికా తిరిగి వచ్చిందని ప్రకటించారు, ఐరోపా ఊపిరి పీల్చుకుంది.

2024 నవంబరు 5 ఆ ఊరటను తుడిచిపెట్టింది. ఈసారి అమెరికా ఓటరు తెలియక ఓటు వేశాడని ఎవరూ అనలేరు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంపై జరిగిన దాడి, ప్రతినిధుల సభ రెండుసార్లు ఆమోదించిన అభిశంసన, 2024 మే నెలలో న్యూయార్క్ కోర్టులో 34 అభియోగాలు రుజువు కావడం, ఇవన్నీ వారికి తెలుసు. రక్షణకు తగినంత ఖర్చు పెట్టకుండా బకాయిపడిన మిత్రదేశాల విషయంలో రష్యాను దానికి తోచింది చేసుకోమంటానని 2024 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా సభలో ఆయన అన్న మాట కూడా తెలుసు. దేశంలో ఆయనను ప్రాణంగా అభిమానించేవారు ఎంతమందో, అంతే తీవ్రంగా వ్యతిరేకించేవారూ అంతమంది ఉన్నారు. అయినా ఆయనకు 312 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, 2016లో దక్కని ప్రజా ఓట్ల ఆధిక్యం కూడా ఈసారి దక్కింది.

కాబట్టి ఇప్పుడు మిత్రదేశాల ముందున్న ప్రశ్న ట్రంప్ అనే ఒక్క వ్యక్తికి సంబంధించినది కాదు. నాలుగేళ్లకోసారి తలకిందులు కాగల హామీని నమ్ముకుని ముప్పై ఏళ్ల రక్షణ ప్రణాళిక వేసుకోవచ్చా అన్నదే ఆ ప్రశ్న. ఊళ్లో అప్పుకు జామీను సంతకం పెట్టిన పెద్దమనిషి ఒక్కసారి తన సంతకం చెల్లదేమోనన్నాడంటే, తర్వాత చెల్లుతుందని ఎన్నిసార్లు చెప్పినా అప్పిచ్చినవాడికి నిద్ర పట్టదు. నాటో స్థితి ఇప్పుడు అదే.

ఆ భయం ఊహ కాదని 2025 ఫిబ్రవరి 28 చూపించింది. వైట్‌హౌస్‌లోని ఓవల్ ఆఫీసులో కెమెరాల ముందే ట్రంప్, ఉపాధ్యక్షుడు వాన్స్ కలిసి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని గట్టిగా నిలదీశారు. మరి కొద్దిరోజుల్లోనే అమెరికా ఉక్రెయిన్‌కు సైనిక సాయాన్ని ఆపేసింది, ఆ వెంటనే నిఘా సమాచారాన్నీ ఆపింది. మార్చి 11న జెడ్డాలో చర్చలు జరిగాక రెండింటినీ పునరుద్ధరించారు. ఆగింది కొద్దిరోజులే అయినా, ఐరోపా సైనికాధికారులు అందులోంచి గ్రహించింది చిన్న విషయం కాదు. ఎదుటి నుంచి వస్తున్న క్షిపణి జాడను అమెరికా ఉపగ్రహాలు చెబుతున్నాయి, దాన్ని కూల్చే పేట్రియట్ వ్యవస్థ అమెరికాలో తయారవుతోంది, ఐరోపా వైమానిక దళాలు కొంటున్న ఎఫ్-35 విమానాల విడిభాగాలకూ సాఫ్ట్‌వేర్‌కూ అమెరికాయే ఆధారం. ఆ సరఫరా ఒక మనిషి కోపం మీద ఆధారపడి ఆగగలదని వారు అప్పుడు కళ్లారా చూశారు.

ప్రశ్న: ట్రంప్ తలచుకుంటే అమెరికాను నాటో నుంచి తప్పించగలరా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాగితం మీద అది సులభం కాదు. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన ఒప్పందంలోని 13వ అధికరణం ప్రకారం, తప్పుకోదలచిన దేశం ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. దానికి తోడు 2023 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ రక్షణ బిల్లులో ఒక నిబంధన చేర్చింది. సెనేట్‌లో మూడింట రెండొంతుల ఆమోదం గాని, కాంగ్రెస్ చేసిన చట్టం గాని లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి వైదొలగకూడదని దాని సారాంశం. దాన్ని ప్రతిపాదించిన ఇద్దరు సెనేటర్లలో ఒకరు డెమోక్రాట్ టిమ్ కేన్, మరొకరు నేడు ట్రంప్ విదేశాంగ మంత్రిగా ఉన్న మార్కో రూబియో.

అయితే కూటమిని బలహీనపరచడానికి తప్పుకోవలసిన అవసరమే లేదు. ఐదో అధికరణాన్ని జాగ్రత్తగా చదివితే, దాడికి గురైన దేశానికి ప్రతి సభ్యదేశమూ తాను అవసరమని భావించిన చర్యతో సాయపడాలని మాత్రమే అందులో ఉంది, సైన్యాన్ని పంపి తీరాలని లేదు. పంపుతారన్న నమ్మకమే 75 ఏళ్లుగా ఆ వాక్యానికి బలం. ఎస్టోనియా సరిహద్దు దాటాలా వద్దా అని మాస్కోలో ఎవరైనా లెక్క వేసుకుంటే, ఆ లెక్కలో అమెరికా వస్తుందా రాదా అన్న అనుమానం చోటుచేసుకోవడమే ప్రమాదం. ఒప్పందాన్ని ఎవరూ చింపకుండానే అది జరగగలదు.

ప్రశ్న: ఎవరేమన్నా ట్రంప్ ఒత్తిడి వల్లే ఐరోపా దేశాలు తమ రక్షణకు తాము డబ్బు పెడుతున్నాయి. ఇన్నాళ్లూ అమెరికా పన్ను చెల్లింపుదారు సొమ్ముతో ధీమాగా ఉన్నవారిని కదిలించడం మంచి పని కాదా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ మాటలో చాలావరకు న్యాయం ఉంది. ఈ ఫిర్యాదు ట్రంప్‌తో మొదలు కాలేదు. 2011లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ పదవి నుంచి దిగిపోయే ముందు బ్రస్సెల్స్‌లో ఇదే విషయమై ఐరోపాను ఘాటుగా హెచ్చరించారు, ఒబామా కూడా అసంతృప్తిని దాచుకోలేదు. 2014లో వేల్స్ సమావేశంలో జీడీపీలో 2 శాతం లక్ష్యంగా పెట్టుకున్న నాటికి దాన్ని అందుకున్న దేశాలు మూడే. 2025 జూన్‌లో హేగ్‌లో, స్పెయిన్ పేచీ పెట్టినప్పటికీ, 2035 నాటికి 5 శాతానికి చేరాలని కూటమి తీర్మానించింది. అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత వంటి వాటికి. మృదువుగా చెప్పి ఉంటే ఇది ఇంత త్వరగా జరిగేది కాదని నేనూ నమ్ముతున్నాను. 2022లో ఉక్రెయిన్‌పై పుతిన్ చేసిన దండయాత్ర కూడా దీనికి అంతే బలమైన కారణమని మరచిపోకూడదు.

కానీ ఆ డబ్బు ఏ ఉద్దేశంతో ఖర్చవుతోందో చూడండి. గేట్స్ కోరింది అమెరికాతో కలిసి నిలిచే బలమైన ఐరోపాను. 2025 ఫిబ్రవరి 23న జర్మనీ ఎన్నికల్లో గెలిచిన రాత్రే, జీవితమంతా అమెరికాతో స్నేహాన్ని సమర్థించిన ఫ్రెడ్రిక్ మెర్జ్, ఐరోపా అంచెలంచెలుగా అమెరికా నుంచి స్వాతంత్ర్యం సాధించాలని ప్రకటించారు. నెల తిరక్కుండానే, అప్పు విషయంలో ఎంతో పట్టుదలగల జర్మనీ తన రాజ్యాంగాన్ని సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ వ్యయాన్ని అప్పుల పరిమితి నుంచి మినహాయించింది. తమ అణ్వాయుధాల రక్షణను ఐరోపా మిత్రులకు విస్తరించే చర్చకు సిద్ధమని మార్చిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అన్నారు, జులైలో బ్రిటన్, ఫ్రాన్స్ తమ అణుబలాలను సమన్వయం చేసుకోవడానికి నార్త్‌వుడ్‌లో ఒక ప్రకటన చేశాయి. భారం పంచుకోవడం వేరు, విడిపోవడానికి సిద్ధపడటం వేరు. ఇప్పుడు ఒకే ఖర్చు కింద ఈ రెండూ సాగుతున్నాయి.

ప్రశ్న: గ్రీన్‌లాండ్ గొడవను పత్రికలు అవసరానికి మించి పెద్దది చేశాయని నాకనిపిస్తుంది. మంచు తప్ప ఏమీ లేని దీవి కోసం మైత్రి దెబ్బతింటుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: దెబ్బతిన్నది. ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత బాధాకరమైన అధ్యాయం అదేనని నా అభిప్రాయం. ట్రంప్ తనకు కావాలంటున్న, డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్‌లో సుమారు 57,000 మంది ప్రజలున్నారు. తమ భవిష్యత్తును తామే నిర్ణయించుకునే హక్కును 2009 స్వపరిపాలన చట్టం వారికి గుర్తించింది. 1951లో డెన్మార్క్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం అమెరికాకు అక్కడ సైనిక స్థావరం ఉంది, పిటుఫిక్‌లో నేటికీ పనిచేస్తోంది. భద్రతే కావాలంటే ఆ ఒప్పందం కింద అమెరికాకు అక్కడ విశాలమైన వెసులుబాటు ఎప్పటినుంచో ఉంది. అయినా ప్రమాణ స్వీకారానికి ముందే, 2025 జనవరిలో, ఆ దీవిని సొంతం చేసుకోవడానికి సైనిక బలాన్ని వాడబోనని చెప్పేందుకు ట్రంప్ నిరాకరించారు. 2026 జనవరిలో, దీవికి తమ సైనికులను పంపిన ఎనిమిది ఐరోపా దేశాలపై సుంకాలు వేస్తానన్నారు. దావోస్‌లో నాటో ప్రధాన కార్యదర్శి మార్క్ రూటెను కలిశాక ఆ బెదిరింపును వెనక్కి తీసుకున్నారు.

ఇందులో డెన్మార్క్ స్థానం ఏమిటో గమనించాలి. నాటో చరిత్రలో ఐదో అధికరణాన్ని అమలులోకి తెచ్చింది ఒకే ఒక్కసారి, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, అదీ అమెరికా కోసం. ఆ పిలుపునందుకుని అఫ్గానిస్థాన్ వెళ్లిన డెన్మార్క్ సైనికుల్లో 40 మందికి పైగా తిరిగి రాలేదు. 60 లక్షల జనాభా ఉన్న దేశానికి అది చిన్న సంఖ్య కాదు. ఎక్కువగా హెల్మండ్ ప్రాంతంలో, కష్టమైన పోరు జరిగిన చోటే వారు పోరాడారు. ఆ దేశపు భూభాగాన్నే అడగడం, ఇవ్వకపోతే ఊరుకునేది లేదనడం, ఆ కుటుంబాల మనసులకు ఎలా తగిలి ఉంటుందో వేరుగా చెప్పాలా? కూటమిలోని ఒక దేశమే మరో దేశపు భూమిని కోరితే ఏం చేయాలో 1949 ఒప్పందంలో ఎక్కడా రాసి లేదు, రాసినవారికి అటువంటి రోజు వస్తుందన్న తలంపు ఉండి ఉండదు.

ప్రశ్న: ట్రంప్ ప్రభావం ఇతర దేశాల ఎన్నికల మీద కూడా పడిందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: పడింది, అయితే అన్నిచోట్లా ఒకే తీరుగా కాదు. కెనడాను 51వ రాష్ట్రం అనడంతో, ఓటమి అంచున ఉన్న లిబరల్ పార్టీ 2025 ఏప్రిల్ 28న మార్క్ కార్నీ నాయకత్వంలో గెలిచింది. అయిదు రోజుల తర్వాత ఆస్ట్రేలియాలో ప్రధాని అల్బనీజీ మళ్లీ గెలిచారు. రెండు దేశాల్లోనూ ప్రతిపక్ష నాయకులు తమ సొంత స్థానాల్లోనే ఓడిపోయారు. పోలండ్‌లో మాత్రం జూన్ 1న, అంతకు నెల ముందు ట్రంప్ వైట్‌హౌస్‌లో ఆహ్వానించిన కరోల్ నవ్రోట్‌స్కీయే అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. రష్యా సరిహద్దుకు దగ్గరగా ఉన్న దేశం అమెరికాను దూరం చేసుకోవడానికి జంకుతుంది. దాన్ని అర్థం చేసుకోవాలి.

ప్రశ్న: మేము వనామీ రొయ్యలు పెంచేవాళ్లం. మన దేశం అమెరికాకు మిత్రదేశమని ఇన్నాళ్లూ విన్నాం. 50 శాతం సుంకం పడ్డప్పుడు ఆ స్నేహం ఏమైంది? ఇకముందు మేము ఎవరిని నమ్ముకోవాలి?
– ఒక రైతు, భీమవరం

జవాబు: ముందుగా ఒక మాట. భారతదేశం అమెరికాకు ఒప్పందబద్ధమైన మిత్రదేశం కాదు. 2016లో మనకు ప్రధాన రక్షణ భాగస్వామి అన్న హోదా ఇచ్చారు, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి నాలుగు దేశాల క్వాడ్ బృందంలో ఉన్నాం, అంతే. ఎవరి కూటమిలోనూ చేరకూడదన్న పాత విధానం మనల్ని ఐరోపాకు వచ్చినంత దిగ్భ్రాంతి నుంచి కాపాడింది. సుంకాల దెబ్బ నుంచి మాత్రం కాపాడలేకపోయింది. 2025 ఆగస్టు 7న 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27న మరో 25 శాతం పడ్డాయి. అదే చమురును అంతకంటే ఎక్కువగా కొంటున్న చైనా మీద ఆ జరిమానా లేదు. దేశం నుంచి వెళ్లే రొయ్యలకు అమెరికాయే అతిపెద్ద మార్కెట్, ఆ రొయ్యల్లో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌వి. మనకు పోటీ అయిన ఈక్వెడార్ మీద సుంకం మనకంటే ఎంతో తక్కువగా ఉండటంతో నష్టం రెట్టింపయింది. 2026 ఫిబ్రవరిలో మన సుంకాన్ని 18 శాతానికి తగ్గిస్తున్నట్టు ట్రంప్ ప్రకటించారు. కానీ సీడు వదిలిన రోజు నుంచి పట్టుబడి వరకు మూడు నాలుగు నెలలు పట్టే పంటకు, ఈ మధ్యలో ఏ రాత్రి ఏ ప్రకటన వస్తుందో తెలియకపోవడం సుంకమంత నష్టమే. కౌంటు ధర పడిపోయినప్పుడు మేత అప్పు మాత్రం తగ్గదు కదా.

ఢిల్లీ తీసుకున్న దారి చూస్తే మీ రెండో ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. సుంకం పడిన కొద్దిరోజులకే ప్రధాని మోదీ ఏడేళ్ల తర్వాత చైనా వెళ్లి తియాన్‌జిన్‌లో జరిగిన షాంఘై సహకార సంస్థ సమావేశంలో పాల్గొన్నారు, డిసెంబరులో పుతిన్ ఢిల్లీ వచ్చారు, 2025లో భారత్‌లో జరగవలసిన క్వాడ్ శిఖరాగ్ర సమావేశం ఆ ఏడాది జరగనే లేదు. చైనా మనకు నమ్మదగిన ప్రత్యామ్నాయమని నేననను, గల్వాన్ జరిగి ఎంతో కాలం కాలేదు. నాకు ఎక్కువ ఆశ కలిగించింది బ్రిటన్‌తో 2025 జులైలో సంతకమైన వాణిజ్య ఒప్పందం, 2007లో మొదలై ఏళ్ల తరబడి నలిగి 2026 జనవరి 27న ఐరోపా సమాఖ్యతో కొలిక్కి వచ్చిన చర్చలు. అమెరికా వాకిట్లో నిలబడి ఎదురుచూసిన రెండు పక్షాలు చివరికి ఒకరినొకరు వెతుక్కున్నాయి. ఐరోపా ఒప్పందం అమలులోకి రావడానికి ఇంకా ఆమోదాలు కావాలి, వారి మందుల అవశేషాల పరీక్షలు చాలా కఠినంగా ఉంటాయి. అందువల్ల యాంటీబయాటిక్ వాడని చెరువులకూ, వాటి వివరాలు నమోదు చేసుకున్న రైతులకూ ముందుగా దారి దొరుకుతుంది. మీ చెరువు తీరప్రాంత పరిధిలో ఉండి, ఇంకా కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదు కాకపోతే ఈ పంట కాలంలోనే ఆ పని పూర్తి చేయించుకోండి, ఎగుమతిదారుతో మాట్లాడేటప్పుడు సరుకు ఏ దేశానికి వెళుతోందో అడిగి తెలుసుకోండి.