ఫార్మ్‌డీ తర్వాత హెల్త్ ఎకనామిక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఫార్మ్‌డీ అయిదో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో బైపీసీ. ఈ ఏడాది ఫార్మకోఎకనామిక్స్ (మందుల ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అని తేల్చే సబ్జెక్టు) పాఠాలు విన్నాక హెల్త్ ఎకనామిక్స్ వైపు వెళ్లాలనిపిస్తోంది. ‘మందుల చదువు చదివి ఖర్చుల లెక్కలు రాసుకుంటావా?’ అంటున్నారు నాన్న. ఇందులో నిజంగా చేసే పనేంటి? ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందు నాన్నగారి సందేహం తీరుద్దాం. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం జనం జేబులోంచే పోయింది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గినా, ప్రతి పది రూపాయల్లో దాదాపు నాలుగు ఇప్పటికీ ఇంటివాళ్లు అప్పో సప్పో చేసి కడుతున్నవే. మిగతా దాంట్లో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, బీమాది. ఆ డబ్బుతో ఏ చికిత్సను పథకంలో చేర్చాలి, ఒక్కో ఆపరేషన్‌కు ఆసుపత్రికి ఎంత చెల్లించాలి అన్నది ఎవరో ఒకరు తేల్చాల్సిందే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ప్రతి ప్యాకేజీ రేటు వెనకా ఉన్న ప్రశ్న ఇదే. రేటు మరీ తక్కువగా ఉంటే ఆసుపత్రులు ఆ కేసు తీసుకోవడానికి వెనకాడతాయి. మరీ ఎక్కువగా ఉంటే అవసరం లేని ఆపరేషన్లకు దారి తెరిచినట్టవుతుంది. కాబట్టి ఇవి ఖాతా పుస్తకం లెక్కలు కావు. రేటు తప్పితే నష్టపోయేది మంచం మీదున్న మనిషే.

ఇక పని సంగతి. మోడళ్లు (జబ్బు, ఖర్చు ఏళ్ల తరబడి ఎలా నడుస్తాయో అంచనా వేసే లెక్కలు), సాఫ్ట్‌వేర్ల పేర్లు విని చాలామంది నేరుగా అక్కడికే దూకుతారు. ఈ రంగానికి పునాది మాత్రం ఒక చికిత్సకు నిజంగా ఎంత ఖర్చవుతుందో నిజాయతీగా లెక్కగట్టడం. ఇది వచ్చినవాళ్లకు మోడలింగ్ తర్వాతైనా పట్టుబడుతుంది. ఇది రాకుండా మోడల్ కట్టినవాళ్ల అంకెలు మొదటి ప్రశ్నకే కూలిపోతాయి.

ఒక్కసారి డయాలసిస్ చేయడానికి ఎంతవుతుందో చూద్దాం. సుమారు నాలుగు గంటల పని. డయలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్), బ్లడ్ ట్యూబింగ్, రెండు ఫిస్టులా నీడిల్స్, హెపారిన్, సెలైన్, బైకార్బొనేట్ ద్రావణం కావాలి. నిమిషానికి 500 మి.లీ. చొప్పున డయలైజేట్ (రక్తంలోని మలినాలను లాగేసే ద్రవం) పారుతుంది కాబట్టి ఒక్క సెషన్‌కే దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు. డయలైజర్‌ను అదే రోగికి అయిదుసార్లు వాడితే దాని ధరలో అయిదో వంతే రాయాలి. అయితే ప్రతిసారీ శుభ్రం చేసే రసాయనం, మనిషి సమయం కలపాలి.

మెషీన్ దగ్గర చాలామంది తడబడతారు. దాని ధర 7 లక్షలు, పదేళ్లు పనిచేస్తుంది అనుకుందాం. 7 లక్షలను పదితో భాగిస్తే ఏడాదికి 70 వేలు వస్తుంది కానీ, మెషీన్‌లో పెట్టిన డబ్బు వేరేచోట వాడుకునే అవకాశం పోయింది కదా, ఆ నష్టం ఈ లెక్కలోకి రాలేదు. 3 శాతం డిస్కౌంట్ రేటుతో (ఆ డబ్బు వేరేచోట ఏటా తెచ్చే రాబడి అనుకోండి) పదేళ్లకు యాన్యుటీ ఫ్యాక్టర్, అంటే మొత్తం ధరను ఏడాది ఖర్చుగా మార్చే అంకె, 8.53. దానితో భాగిస్తే ఏడాదికి సుమారు 82 వేలు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు నడిస్తే ఏడాదికి 936 సెషన్లు, అంటే సెషన్‌కు 88 రూపాయలు. అదే మెషీన్ రోజుకు ఒక్క షిఫ్టే నడిస్తే 263 రూపాయలు. మెషీన్ మారలేదు, వాడకం మారిందంతే. అందుకే ఒక ఆసుపత్రి లెక్కను తీసుకెళ్లి మరో ఆసుపత్రికి అతికించకూడదు.

టెక్నీషియన్ జీతం 30 వేలు, నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 144 రూపాయలు. ఒకేసారి మూడు మెషీన్లు చూసుకుంటారు. ముందు సిద్ధం చేయడం, తర్వాత డిస్ఇన్‌ఫెక్షన్ కలిపి అయిదు గంటలు. అలా ఒక్కో సెషన్‌కు 240 రూపాయలు. ఆ మనిషి పనిని పక్కన నిలబడి గడియారం పెట్టి చూస్తేనే ఈ అయిదు గంటలు తెలుస్తాయి. రిజిస్టర్‌లో నాలుగే ఉంటాయి.

ఇవన్నీ ఆసుపత్రి వైపు ఖర్చులు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న మనిషి వైపు నుంచి చూస్తే డయాలసిస్ ఉచితమైనా ఖర్చు ఆగదు. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 ప్రయాణాలు. తోడు వచ్చినవాళ్ల కూలి 400, దారి ఖర్చు 100 అనుకున్నా ఏడాదికి 78 వేలు. పథకం లెక్కల్లో ఈ 78 వేలు ఎక్కడా కనపడవు. ఎవరి వైపు నుంచి లెక్కిస్తున్నామో మొదటి వాక్యంలోనే రాయాలని మీ పాఠ్యపుస్తకం చెప్పేది ఇందుకే.

ఇక్కడ రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, బిల్లులో వేసిన చార్జీనే ఖర్చుగా రాసేయడం. ప్యాకేజీ రేటు బేరసారాల్లో తేలిన అంకె, అది ఖర్చు కాదు. రెండోది, ప్రభుత్వ ఆసుపత్రి మందులకు ఎమ్మార్పీ వేసేయడం. అక్కడ రాయాల్సింది టెండర్ ధర. ఈ రెంటి మధ్య తేడా ఎంత ఉండొచ్చో ఫార్మసీ విద్యార్థిగా మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ రంగంలో మీ చదువుకు ఉన్న బలమే అది.

ఖర్చు తేలాక ఫలితాన్ని కొలవాలి. దీనికి వాడేది క్వాలీ: బతికిన కాలాన్ని ఆ బతుకు నాణ్యతతో గుణించిన అంకె. 0.7 నాణ్యతతో పదేళ్లు బతికితే 7 క్వాలీలు. నాణ్యతను ఈక్యూ-5డి ప్రశ్నావళితో కొలుస్తారు. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన గురించి అడుగుతుంది. ఆ జవాబులను నాణ్యత అంకెగా మార్చే విలువల పట్టిక మన దేశానికి సొంతంగా 2022లో వచ్చింది కాబట్టి భారతీయ రోగులకు బ్రిటన్ పట్టిక వాడారంటే ఎందుకని అడగండి. పాత చికిత్సకు 40 వేలు, 3.2 క్వాలీలు, కొత్తదానికి లక్ష, 3.5 క్వాలీలు అనుకోండి. అదనంగా 60 వేలు పెడితే 0.3 వచ్చింది, అంటే ఒక్క క్వాలీకి 2 లక్షలు. మన దేశంలో దీన్ని తలసరి జీడీపీతో పోల్చి చూస్తారు. ‘మనిషి ప్రాణానికి వెల కడతారా?’ అని నాన్నగారు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. బడ్జెట్ ఒక చికిత్సకు ఇచ్చి మరోదానికి ఇవ్వనప్పుడు ఆ వెల మనం కట్టకపోయినా దానంతటదే కట్టినట్టే. లెక్క రాసి పెడితే కనీసం దాన్ని నిలదీయడానికి ఒక కాగితం ఉంటుంది.

మోడలింగ్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటి ఇప్పుడే గుర్తుంచుకోండి. అయిదేళ్లలో జబ్బు ముదిరే అవకాశం 30 శాతమైతే ఏడాదికి 6 శాతం కాదు. ముదరకుండా ఉండే అవకాశం 0.7 కదా, దానికి అయిదో మూలం కనుక్కుని ఒకటిలోంచి తీసేయాలి, సుమారు 6.9 శాతం వస్తుంది. బైపీసీ వాళ్లకు ఇక్కడే బెరుకు. లాగరిథమ్‌లు, ఘాతాలు, సంభావ్యత, మాత్రికల గుణకారం, ఈ నాలుగూ ఇంటర్ ఎంపీసీ పుస్తకాల నుంచే నేర్చుకోవచ్చు. రోజుకు గంట కూర్చుంటే మూడు నాలుగు నెలల పని. తర్వాత ఎక్సెల్‌లో మూడు దశల మార్కోవ్ మోడల్ (రోగి ఏటా ఒక దశ నుంచి మరో దశకు మారే అవకాశాలతో నడిచే లెక్క) చేత్తో కట్టండి. ఆ పైన ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, అది ఉచితం. వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులు ఇప్పుడే వద్దు.

ఉద్యోగాలు రెండు దారుల్లో ఉన్నాయి. ప్రభుత్వం వైపు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద, చికిత్సలు ఖర్చుకు తగ్గవా అని తేల్చే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ ఇన్ ఇండియా ఉంది. దానికి చండీగఢ్ పీజీఐ, తిరువనంతపురం శ్రీచిత్ర, విశాఖలోని కలాం ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల కేంద్రాలున్నాయి. పోస్టులు ఎక్కువగా ప్రాజెక్టు కాంట్రాక్టులే, జీతం మోస్తరు, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. కానీ ఆసుపత్రుల్లో తిరిగి లెక్కగట్టే అసలు పని నేర్పేది ఇక్కడే. రెండోది ప్రైవేటు. హైదరాబాద్, బెంగళూరు, గురుగ్రామ్‌లలోని ఫార్మా, కన్సల్టింగ్ సంస్థలు కొత్త మందులు ఖర్చుకు తగ్గవా అని తేల్చే బ్రిటన్, యూరప్, కెనడా సంస్థలకు సమర్పించే నివేదికలు తయారుచేస్తాయి. బ్రిటన్‌లో అలాంటి సంస్థ నైస్ (NICE) 1999 నుంచీ ఇలాంటి లెక్కలు అడుగుతోంది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి కొత్త క్యాన్సర్ మందులకు ఉమ్మడి క్లినికల్ మూల్యాంకనం మొదలుపెట్టింది.

ప్రైవేటులో ఒక చిక్కుంది. ఫార్మ్‌డీ వాళ్లను మొదట సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ వెతికి వడకట్టే) బృందంలో వేస్తారు. వేల కొద్దీ అబ్‌స్ట్రాక్ట్‌లు (పరిశోధన వ్యాసాల సారాంశాలు) చదివి ‘ఉంచాలి, తీసేయాలి’ అని గుర్తుపెట్టే పని. ఏడాది చేస్తే సాక్ష్యాన్ని చదివే చూపు వస్తుంది, మంచిదే. నాలుగేళ్లు అక్కడే ఉండిపోతే ఎకనామిక్స్ పేరుకే మిగులుతుంది. పైగా ఆ వడపోతను సాఫ్ట్‌వేర్లు వేగంగా చేతికి తీసుకుంటున్నాయి. ఇంటర్వ్యూలోనే అడగండి: ‘రివ్యూ బృందం నుంచి మోడలింగ్‌లోకి గత రెండేళ్లలో ఎంతమంది మారారు?’ స్పష్టమైన జవాబు రాకపోతే మరో ఆఫర్ కోసం చూడండి.

పై చదువుకు హైదరాబాద్‌లోని ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) వంటి చోట్ల ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది. విదేశాల్లో యార్క్ విశ్వవిద్యాలయం హెల్త్ ఎకనామిక్స్ ఎమ్మెస్సీకి పేరుంది. కానీ ఒక్క ఏడాదైనా ఇక్కడ పనిచేయకుండా పెద్ద అప్పు చేసి వెళ్లడాన్ని నేను సమర్థించను. మోడలింగ్ ఇష్టమో, క్షేత్రస్థాయి పని ఇష్టమో తెలియకుండా కోర్సు ఎంచుకుంటే ఆ అప్పు మీ ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది.

ఈలోపు చేతిలో ఉన్న అవకాశం మీ అయిదో ఏడాది ప్రాజెక్టు. చాలా బృందాలు యాంటీబయాటిక్స్ వాడకం మీద సర్వే చేసి సరిపెడతాయి. మీరు కాస్టింగ్ (పైన చెప్పినట్టు ఒక చికిత్స ఖర్చు లెక్కగట్టడం) తీసుకోండి. డయాలసిస్ కాకపోతే డయాబెటిక్ ఫుట్ డ్రెస్సింగ్, ఒక కీమో సైకిల్, ఏదైనా ఒక్కటే. ముందు ఆ విభాగం హెడ్ నర్సుతో మాట్లాడండి, స్టోర్ ఇండెంట్ పుస్తకం ఎక్కడుంటుందో తెలిసేది వాళ్లకే. జీతాల వివరాలు అకౌంట్స్ వాళ్లు పేర్లతో ఇవ్వరు. హోదాల వారీ సగటు అడిగితే ఇస్తారు. ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో రోగుల కూలి నష్టం, ప్రయాణ ఖర్చుల ప్రశ్నలు కూడా ముందే చేర్చండి, తర్వాత కలపాలంటే మళ్లీ అనుమతి కావాలి. మీ కాలేజీ కమిటీ ఎప్పుడెప్పుడు కూర్చుంటుందో కనుక్కుని, ఈ వారంలోనే మీ గైడ్ చేతిలో ఒక పేజీ ప్రతిపాదన పెట్టండి.