ఫోటో ఎడిటింగ్ సొంతంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సంక్రాంతి ముగ్గు దగ్గర

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఫోటో ఎడిటింగ్ కోసం డబ్బు కట్టి కోర్సులో చేరాలా అన్నది ఒకటి. చేరకపోతే ఏది ముందు, ఏది తరువాత నేర్చుకోవాలన్నది రెండోది. మొదటి ప్రశ్నకు నా జవాబు, ఇప్పుడే వద్దు. రెండోదానికి జవాబు, వరస పెట్టుకోవద్దు. మీరే తీసిన ఫోటోలతో ఒక పండగ వాల్‌పేపర్ చేయడానికి కూర్చోండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ అవసరమైన పనిముట్టు నేర్చుకోండి. నేను నేర్చుకున్నది ఇలాగే.

నేను లెక్కలు చూసుకునే ఉద్యోగిని, డిజైనర్‌ను కాను. వీడియో పాఠాలు చూస్తున్నంతసేపు అన్నీ అర్థమైనట్టే ఉండేవి. సాఫ్ట్‌వేర్ తెరిచాక చెయ్యి కదిలేది కాదు. పాఠంలోని ఫోటో వాళ్లది, అందులోని సమస్య కూడా వాళ్లదే కదా. మా పిన్ని వేసిన సంక్రాంతి ముగ్గును కంప్యూటర్ తెర మీదికి తేవాలని కూర్చున్న తరువాతే అసలు చదువు మొదలైంది. నేర్చుకునేవాడికి వాల్‌పేపర్ మంచి గురువు. దాని కొలత ఖాయం, పండగ తేదీ ఖాయం. పైగా పూర్తయ్యాక రోజూ కళ్లెదుటే ఉంటుంది కాబట్టి దానిలోని లోపాలు దాక్కోలేవు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. నేను వాడేది గింప్. ఉచితం. 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. ఫోటోషాప్ ఉన్నవారు దానితోనే చేయవచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోలేని పాత కంప్యూటర్ అయితే బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ ఉంది. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల లాంటి పొరలు), మాస్కులు (వాటి సంగతి కింద చెబుతాను) ఉన్నది ఏదైనా సరిపోతుంది. ఏది మంచిదన్న చర్చలో కూర్చుంటే సంక్రాంతి దాటి ఉగాది వచ్చేస్తుంది.

ఇక ఫోటో. ముగ్గును సిమెంటు నేల మీద కాకుండా కళ్లాపి చల్లిన మట్టి వాకిట్లో తీయగలిగితే మీ పని సగం తగ్గుతుంది. తడి నేల ముదురుగా ఉంటుంది, పిండి తెల్లగా మెరుస్తుంది. ఆ తేడాయే తరువాత మనకు పెట్టుబడి. బూడిదరంగు సిమెంటు మీద ముగ్గు కంటికి బాగానే కనిపించినా, సాఫ్ట్‌వేర్‌కు ఆ రెండింటినీ వేరుచేయడం కష్టమవుతుంది. పిండి గీతల నీడ పడకుండా ఎండ రాకముందే తీయండి. మేడ ఉంటే మేడ మీద నుంచి తీయండి.

నా ముగ్గు పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క. మేడ లేదు కాబట్టి అరుగు మీద నిలబడి తీశాను. అలా తీస్తే దగ్గరి వైపు వెడల్పుగా, దూరపు వైపు ఇరుకుగా వస్తుంది. దీన్ని సరిచేసేది పర్‌స్పెక్టివ్ టూల్. దాని ఆప్షన్లలో దిశను కరెక్టివ్‌కు మార్చుకుంటే, తెర మీద వచ్చే గడి నాలుగు మూలలనూ వంకరగా ఉన్న వస్తువు మూలలకు ఆనించవచ్చు. ఏ మూలలకు ఆనించాలి? దీనికి జవాబు ముగ్గులోనే ఉంది. 15-8 సందు చుక్కలో మొదటి వరసలోనూ, చివరి వరసలోనూ ఎనిమిదేసి చుక్కలే ఉంటాయి, రెండు వరసల పొడవూ ఒకటే. ఆ రెండు వరసల చివరి చుక్కలు నాలుగూ కలిపితే దీర్ఘచతురస్రం. గడి మూలలు ఆ నాలుగు చుక్కల మీద పెట్టి ఎంటర్ కొడితే ముగ్గు మొత్తం నిటారుగా వచ్చి కూర్చుంది. ఆ తరువాత నిలువు కొలత కొద్దిగా సాగదీస్తే చాలు. చుక్కలు లెక్కపెట్టి వేసేవాళ్లు మనకు గ్రాఫు కాగితం ఉచితంగా ఇస్తున్నారు.

ముగ్గుకు అడ్డంగా ఎవరిదో సైకిలు చక్రం గీత పడింది. తీసేయనా అని పిన్నిని అడిగితే, "చక్రం గీత తీసెయ్యి, చుక్కల జోలికి మాత్రం వెళ్లకు" అంది. ఆ ఒక్క షరతు వల్ల హీల్ టూల్‌కు, క్లోన్ టూల్‌కు తేడా బాగా తెలిసింది. హీల్ టూల్ చుట్టుపక్కల రంగును, వెలుగును కలుపుకుని మచ్చను పూడుస్తుంది. ఖాళీ నేల మీద అద్భుతంగా పనిచేస్తుంది. ముగ్గు గీత పక్కన వాడితే మాత్రం ఆ తెలుపును కూడా కలుపుకుని నేల మీద పాలు ఒలికినట్టు చేస్తుంది. గీతల దగ్గర క్లోన్ టూల్ వాడాలి. అది ఉన్నది ఉన్నట్టు అతికిస్తుంది. కంట్రోల్ నొక్కి మౌస్‌తో ఒక చోట క్లిక్ చేస్తే అది మూలం అవుతుంది, ఫోటోషాప్‌లో అయితే ఆల్ట్. ముగ్గు అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి చెరిగిన గీతకు సరిపడే మంచి గీత అదే ముగ్గులో ఇంకోచోట తప్పక దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నేలను వదిలేసి ముగ్గును మాత్రమే ఎలా తీసుకోవాలి? కొత్తవాళ్లు చాలామంది ఇరేజర్ తీసుకుని నేలను చెరపడం మొదలుపెడతారు, లేదా మంత్రదండం గుర్తున్న సెలక్షన్ టూల్‌తో క్లిక్ చేస్తూ పోతారు. పిండి అంచు కత్తితో కోసినట్టు ఉండదు, పలచబడుతూ నేలలో కలిసిపోతుంది. అందుకని ఆ రెండు పద్ధతుల్లోనూ గీత అంచులు ఎలుక కొరికినట్టు వస్తాయి. దీనికి మాస్కు కావాలి. మాస్కు అంటే లేయర్ మీద కప్పిన ఒక నలుపు తెలుపుల బొమ్మ. తెల్లగా ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట కనిపించదు, బూడిదరంగులో సగం సగం. మన ముగ్గు ఫోటో కూడా నల్లని నేల మీద తెల్లని గీతలే. అంటే ఫోటోయే దాని మాస్కు!

గింప్‌లో లేయర్ మాస్కు చేర్చేటప్పుడు ఒక పట్టిక వస్తుంది. అందులో లేయర్ గ్రేస్కేల్ (నలుపు తెలుపు) నకలును మాస్కుగా తీసుకునే ఎంపిక ఉంది. దాన్ని ఎంచుకుని, మాస్కు మీద క్లిక్ చేసి, వెలుగునీడలను సర్దే లెవెల్స్ తెరవండి. అక్కడ కనిపించే హిస్టోగ్రామ్‌లో, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఏ ఛాయ ఎంత ఉందో చూపే పటంలో, ఎడమ వైపు పెద్ద గుట్ట నేలది, కుడి చివర చిన్న గుట్ట పిండిది. నలుపు బాణాన్ని నేల గుట్ట దాటేదాకా కుడికి, తెలుపు బాణాన్ని పిండి గుట్ట మొదలయ్యే చోటికి ఎడమకు జరపండి. నేల మాయమవుతుంది. గీతల అంచున పలచటి పిండి పలచగానే మిగులుతుంది. కళ్లాపి సంగతి మొదట్లో ఎందుకు చెప్పానో ఇక్కడ అర్థమవుతుంది. సిమెంటు అయితే ఆ రెండు గుట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి.

మాస్కు తయారయ్యాక లేయర్‌లో అసలు ఫోటో ఉండాల్సిన పని కూడా లేదు. దాన్ని ఏ రంగుతోనైనా నింపండి, ముగ్గు ఆ రంగులోకి మారుతుంది. నేను మొదట పసుపు నుంచి నారింజకు మారే గ్రేడియెంట్ వేశాను. పిన్ని చూసి "ముగ్గు తెల్లగా ఉండాలి గానీ ఇదేమి రంగు" అంది. లేయర్‌ను మళ్లీ తెలుపుతో నింపాను, అంతే. ఇరేజర్‌తో చెరిపి చేసి ఉంటే అంచుల్లో ఇరుక్కున్న పాత రంగును గోకుతూ కూర్చోవాల్సి వచ్చేది. చివరికి ఆమెకు తెల్లనిది, నాకు బంగారు రంగుది.

నాకు బంగారు రంగు ఎందుకంటే ముగ్గును సూర్యుడిగా పెట్టాలన్నది నా ఆలోచన. మకర సంక్రమణం సూర్యుడి పండగే కదా. తెల్లవారుజామున పొలం గట్టున తాటిచెట్ల వెనుక నుంచి ముగ్గు ఉదయించాలి. చెట్లు ముందు, ముగ్గు వెనుక, అది తాటాకుల సందుల్లోంచి కనిపించాలి. తాటాకులను ఒక్కొక్కటిగా సెలెక్ట్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు, అవసరమూ లేదు. ఫోటో అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు నలుపు తెలుపు బొమ్మల కలయిక. ఛానెల్స్ పట్టీలో వాటిని విడివిడిగా చూడవచ్చు. పట్టపగలు నీలాకాశమైతే నీలం ఛానెల్‌లో ఆకాశం బాగా తెల్లగా ఉంటుంది. తెల్లవారుజామున ఆకాశం ఎర్రబారి ఉంటుంది కాబట్టి ఎరుపు ఛానెల్ చూడాలి. అందులో ఆకాశం దాదాపు తెల్లగా, చెట్లు దాదాపు నల్లగా ఉన్నాయి. దాన్ని కాపీ చేసి, లెవెల్స్‌తో ఇంకాస్త గట్టిపరిస్తే తాటాకు ఈనెలతో సహా మాస్కు సిద్ధం. ముగ్గు లేయర్‌కు ఇప్పటికే ఒక మాస్కు ఉంది కదా, ఇది ఎక్కడ పెట్టాలి? ముగ్గు లేయర్‌ను ఒక లేయర్ గ్రూపులో వేసి, గ్రూపుకు ఈ రెండో మాస్కు ఇవ్వండి. గింప్ 2.10 నుంచి ఇది సాధ్యమే. ఈ ఒక్క మెలిక వచ్చిందంటే మీరు నేర్చుకోవడం మొదలుపెట్టడం కాదు, నేర్చుకున్నట్టే.

కొలతల సంగతి వీటికి ముందే చూసుకోవాలి. ఫోను ఫోటో సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది. 4000×3000 ఫోటోను 16:9 కంప్యూటర్ తెరకు కత్తిరిస్తే 4000×2250 మిగులుతుంది, అంటే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. తీసేటప్పుడే పైనా కిందా ఖాళీ వదలాలి. అదే ఫోటోలోంచి 9:20 ఫోను తెరకు నిలువు ముక్క తీస్తే 1350×3000 వస్తుంది, 1080×2400 తెరకు అది చాలు. కానీ 1920×1080కి కుదించిన వాల్‌పేపర్‌లోంచి ఫోనుది తీయాలంటే మిగిలే వెడల్పు 486 పిక్సెళ్లే. అందుకని రెండూ పెద్ద ఫైలు నుంచే చేయండి. విండోస్‌లో ఐకాన్లు ఎడమ వైపు పేరుకుంటాయి కాబట్టి ముగ్గును కుడి వైపు పెట్టాను. ఫోనులో గడియారం సాధారణంగా పై భాగంలో వస్తుంది, అక్కడ ఆకాశం ఖాళీగా ఉంచండి.

రంగుల్లో ఒక్క హెచ్చరిక. పండగ కదా అని సాచురేషన్ (రంగుల గాఢత) పెంచాలనిపిస్తుంది. గొబ్బెమ్మల మీది బంతిపూలు ముందు దెబ్బతింటాయి. వాటిలో ఎరుపు ఛానెల్ ముందే దాని గరిష్ఠ విలువ 255కు దగ్గరగా ఉంటుంది. ఇంకాస్త పెంచితే రేకుల మధ్య గీతలు పోయి ఒకే నారింజ ముద్ద మిగులుతుంది. హిస్టోగ్రామ్‌ను ఎరుపు ఛానెల్‌కు మార్చి చూస్తూ పెంచండి. రంగు సరిచేయడానికి తెల్లని ముగ్గు మంచి ఆధారమే, కానీ దాన్ని పూర్తిగా తెల్లబరిస్తే మంచు కురిసే ఉదయపు నీలం కూడా పోతుంది. నేను సగందాకా వెళ్లి ఆగుతాను.

అక్షరాలు వేస్తే తక్కువ వేయండి. మన వీధుల్లో పండగ ఫ్లెక్సీలు చూసే ఉంటారు, గాలిపటం, హరిదాసు, గంగిరెద్దు, భోగిమంట, చెరకు, వీటి మధ్య అరడజను ముఖాలు. వాల్‌పేపర్‌కు ఆ గతి పట్టించకండి. తెలుగు అక్షరాలను గింప్ ఏ సర్దుబాటూ లేకుండా సరిగానే చూపిస్తుంది. పాత ఫోటోషాప్ వెర్షన్లలో 'క్రా' విడిపోయి పొల్లు గుర్తుతో కనిపిస్తే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి దక్షిణాసియా భాషలకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఫోటో మీద సన్నని అక్షరాలు మునిగిపోతాయి, అక్కడ రామభద్ర లాంటి లావు అక్షరమే నిలబడుతుంది. రెండు వరసలు రాస్తే మధ్య ఎడం కాస్త ఎక్కువే ఇవ్వండి, పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతుంటాయి.

తెల్లవారుజాము ఆకాశంలో ఇంకో చిక్కు ఉంది. ముదురు నీలం నుంచి ఎరుపుకు మెల్లగా మారే చోట మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తాయి. ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే ఉండే 8 బిట్ల ఫైలులో ఇది మామూలే. పని మొదట్లోనే ప్రెసిషన్‌ను, అంటే ఆ మెట్ల సంఖ్యను నిర్ణయించే అమరికను, 16 బిట్లకు మార్చుకుని, చివర్లో ఆకాశం మీద కంటికి తెలియనంత నాయిస్ (చుక్కల గరుకుదనం) వేస్తే చారలు కరిగిపోతాయి.

లేయర్లన్నీ ఉన్న ఎక్స్‌సీఎఫ్ (గింప్ సొంత ఫార్మాట్) ఫైలును దాచుకోండి, వచ్చే ఏడాది వేరే ముగ్గు పెట్టుకోవచ్చు. వాల్‌పేపర్‌ను పీఎన్‌జీగా ఎగుమతి చేయండి. జేపెగ్‌లో ఎర్రని అక్షరాల అంచులు మసకబారుతాయి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించి, మీరు కష్టపడి పోగొట్టిన చారలను తిరిగి తెస్తుంది.