సీమ వెనుకబాటుకు మనుషుల స్వభావం కారణమా, వ్యవస్థలు కారణమా?

"కోస్తా వాళ్లు కష్టపడి పైకొచ్చారు, సీమ వాళ్లు కక్షలతో కాలం గడిపారు, ఇది సంస్కృతి లోపం కాదా?" అని అడిగారు. నేను కడప జిల్లా బద్వేలు ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఈ మాటను పెళ్లిళ్లలో విన్నాను, రైళ్లలో విన్నాను, చివరికి సొంత వియ్యంకుడి నోటా విన్నాను. సుమోలు గాల్లోకి లేచే సినిమాలు వచ్చాక దీనికి రుజువు అడిగేవాడే లేకుండా పోయాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ కాలువల కింది నేలకూ, ఆకాశం వైపు చూసే నేలకూ పోటీ పెట్టి, ఫలితాన్ని బట్టి మనుషుల గుణం తేల్చడం ఏ విధమైన న్యాయమో నాకు అర్థం కాదు. అందుకే నాకు తెలిసిన ఒక్క చెరువు సంగతి చెబుతాను.

నేను తొమ్మిదో తరగతి చదివే ఏడు మా ఊరి చెరువు సగమే నిండింది. పెద్దలు రచ్చకట్ట మీద కూర్చొని, ఆయకట్టు చివరి పొలాలకు ముందు, తూము దగ్గరి పొలాలకు తర్వాత నీళ్లు అని వంతులు పెట్టారు. మా జేజినాయన, అంటే తాత, మడి తూముకు ఆనుకొనే ఉండేది. తన గట్టును ఒరుసుకుంటూ ఎవరి పొలాలకో పోతున్న నీళ్లను రెండు రోజులు ఓర్చుకున్న ఆయన, మూడో రాత్రి నా చేతికి లాంతరు ఇచ్చి, తాను పార భుజాన వేసుకొని బయలుదేరాడు. కాలువ గట్టున కంబళి కప్పుకొని, చెరువు నీళ్లను వంతుల ప్రకారం పారించే నీరుగంటి కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు గాని దారి ఇవ్వలేదు.

"సామీ, ఈ రేయి మీ వంతు గాదు. మీరు మడవ తిప్పితే పొద్దున్నే నేను రచ్చకట్ట కాడ చెప్పాల్సి వస్తాది. మీరు వద్దన్యా చెప్తా" అన్నాడు.

జేజినాయన ఊరిలో నలుగురికి తీర్పు చెప్పే మనిషి. ఆయన కాసేపు అలాగే నిలబడి, బీడీ ముట్టించి, ఇంకొక బీడీని నీరుగంటి దోసిట్లోకి, చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచి, మాట్లాడకుండా ఇంటిదారి పట్టాడు. ఆ పైనుంచి జారవిడవడాన్ని నేను మరిచిపోలేదు. ఊరందరి నీళ్లకు కాపలా కాసే ఆ మనిషికి మా చేదబావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. కాబట్టి పాతకాలం బంగారమని నేను చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు.

అయినా అంత తక్కువగా చూడబడిన మనిషికి అంత ధైర్యం ఎలా వచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం. కళ్లంలో రాశి ఎత్తే ముందు ప్రతి రైతూ అతనికి మేర కింద గింజలు కొలిచేవాడు. మా జేజినాయన ఒక్కడి మడి పండితే అతని ఇల్లు గడవదు. చివరి పొలం ఎండితే అతని మేర కూడా ఎండుతుంది. అతని నిజాయితీ అతని గుణమే కావచ్చు, కాని ఆ గుణానికి కళ్లంలో కూలి దొరికేది.

ఇలాంటి ఏర్పాటే మా ప్రాంతంలో దశబంధం అనే పేరుతో ఉండేది. చెరువు తవ్వించినవారికో, దానిని బాగుచేస్తూ ఉండేవారికో శిస్తు మినహాయింపుతో భూమి దక్కేది. చెరువు చెడిపోతే ఆ భూమి మీద హక్కుకూ ముప్పు వచ్చేది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న మన్రో, పాలెగాళ్లను అణచి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతికి పునాది వేశాడు. జమీందార్లు లేని జిల్లాలే స్వాతంత్ర్యం తర్వాత వ్యవసాయంలో ముందున్నాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో లెక్కలతో చూపారు. ఆ లెక్కన మేము అందరికంటే ముందుండాలి కదా! ఎందుకు లేమంటే, నా అభిప్రాయంలో, పొలానికి పట్టా వచ్చింది గాని చెరువుకు పట్టాదారు లేకుండా పోయాడు. ఊరివారు మరమ్మతుకు కదలడం లేదని 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టమే చేయవలసి వచ్చిందంటే, పాత ఏర్పాటు అప్పటికే ఎంత వదులైందో ఊహించవచ్చు.

మా నీరుగంటి ముసలివాడయ్యాక అతని కొడుకు కువైట్ వెళ్లాడు. మంచి పని చేశాడు. ఆ ఊరిలో ఆ బతుకు బతకమని అతనికి చెప్పే అర్హత మాకు లేదు. కాని అతని స్థానంలో ఎవరినీ పెట్టలేదు. మేర మొదట డబ్బయింది, తర్వాత బాకీ అయింది, తర్వాత మాయమైంది. బోర్లు వేసుకున్నవారికి తూముతో పని లేకపోయింది. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు అధ్యక్ష పదవి కోసం రెండు వర్గాలు తలలు పగలగొట్టుకున్నాయి గాని, తూము దగ్గర రాత్రి కూర్చునేవాడు మాత్రం దొరకలేదు. దీనినే మీరు ఫ్యాక్షన్ సంస్కృతి అంటున్నారు. పని లేని పదవికి పట్టే తెగులు అని నేను అంటాను.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక నవంబరు వానకు, కంపచెట్ల వేళ్లు గుల్లచేసిన చోట కట్ట బుగ్గలు కక్కడం మొదలైంది. సెలవుకు వచ్చిన నేను కూడా కట్ట మీదకు పరుగెత్తాను. వందమందికి పైగా ఉన్నాము; ప్రతివాడి చేతిలో ఫోను ఉంది, ఒక్కరి చేతిలోనూ పార లేదు. యూరియా సంచులలో ఇసుక నింపుదామని ఒకాయన అంటే, ఎవరి ఇంటి సంచులు అనే చర్చ మొదలైంది. ఆ చర్చ తేలకముందే గండి పడింది.

గండి పూడ్చే పని ఏ శాఖదన్న తగవు రెండేళ్లు నడిచింది. నూరెకరాల లోపు ఆయకట్టున్న చెరువులు ఒక శాఖకు, అంతకు మించినవి మరొక శాఖకు చెందేవి. పాత రికార్డులో మా ఆయకట్టు 112 ఎకరాలు, కొత్త కొలతలో 94. మాకు దగ్గరలోనే ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసి కట్టిన చెరువది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతూ, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటాన్ని కూడా ఆ శాసనం దోషంగానే లెక్కించింది. మా చెరువును పూర్వీకులు సరిహద్దున కట్టలేదు. సరిహద్దే వచ్చి దాని నడుమ కూర్చుంది.

చివరకు టెండరు పిలిచి కట్ట వేశారు, తూముకు ఇనుప తలుపు బిగించారు. దాన్ని తిప్పే పిడిని ఎవరికి అప్పగించాలో ఏ కాగితంలోనూ రాయలేదు. పాత ఇనుము వాళ్లు ఎత్తుకుపోతారన్న భయంతో మా చిన్నాయన దాన్ని ఇంటికి తెచ్చి, పశువులను కట్టేసే గాటిపాట్లో చూరుకు వేలాడదీశాడు. నీళ్లు కావలసినవారు వచ్చి అడిగి తీసుకుపోతున్నారు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే, ఎవరు ఏ రోజు తీసుకుపోయారో గోడ మీద బొగ్గుతో రాసి ఉంది.