హంద్రీ ఒడ్డున ప్లాటు: మిగతా డబ్బు కట్టేయమంటారా?

ప్రశ్న: మా నాన్న 2007లో కర్నూలు శివారులో హంద్రీ ఒడ్డున ఒక వెంచర్‌లో 4 సెంట్ల ప్లాటుకు అగ్రిమెంట్ రాయించుకున్నారు. సగం డబ్బు కట్టాం. కొన్నాళ్లకే అది ఏటి పోరంబోకు అని ఎవరో కోర్టుకెళ్లారు, అప్పట్నుంచి వాయిదాలే. ఇప్పుడేమో వెంచర్ వాళ్లు ఫోన్ చేసి, పర్మిషన్ వచ్చేసింది, నెలలోపు మిగతాది కడితే రిజిస్ట్రేషన్ చేస్తామంటున్నారు. ఇన్నేళ్లు ఆగాం, కట్టేద్దామంటుంది అమ్మ. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇప్పుడే కట్టొద్దమ్మా.

ఇలాంటి కేసుల్లో పేచీ అంతా ఒక్క గీత దగ్గరే: ఏటి అంచు ఎక్కడ? వెంచర్ మనిషిని అడిగితే ఎండాకాలం పారే సన్నటి పాయ చూపిస్తాడు. పాతబస్తీలో ఏ పెద్దాయన్ని అడిగినా 2009 అక్టోబరు 2న నీళ్లెక్కిన గోడ చూపిస్తాడు. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి, కింద శ్రీశైలంలో నీళ్లు 885 అడుగుల పూర్తి మట్టం దాటి ఉన్నాయి, ఇక వచ్చిన నీళ్లు ఎటు పోతాయి, ఊళ్లోకే. రెవెన్యూ వాళ్ల సర్వే కొలతల పుస్తకం, అదే ఎఫ్‌ఎంబీలో ఉండే గీత మళ్లీ వేరు. ఇరిగేషన్ వాళ్లు, సర్వేయరు కలిసి వచ్చి కొలిస్తేగానీ తేలదు, ఆ ఇద్దరూ ఒకే రోజు దొరకరు.

ఆ గీతకు అంత విలువ ఎందుకంటే, భవన నిబంధనల ప్రకారం నది అంచు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయటైతే 100 మీటర్లు పక్కా కట్టడం ఉండకూడదు. గీత 30 మీటర్లు ఇటు జరిగితే ఒకట్రెండు వరుసల ప్లాట్లు పోతాయి, అటు జరిగితే పుట్టుకొస్తాయి. ఇన్నేళ్లు లాయర్లకు ఊరికే ఫీజులు కట్టరుగా!

ఇక ‘పర్మిషన్’ సంగతి. లేఅవుట్ అప్రూవల్ వచ్చినంత మాత్రాన స్థలం వాళ్లదని తేలిపోదు. కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) ఆఫీసులో ఆమోదించిన ప్లాన్ అడిగి, అందులో మీ ప్లాటు నంబరు ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. పాత బ్రోచర్లో ప్లాటుగా ఉన్నది కొత్త ప్లాన్‌లో పార్కు అయి కూర్చోవడం మామూలే. నేనొక వెంచర్ బ్రోచర్ చూశాను, ఏరును నీలం రిబ్బన్‌లా గీసి పక్కన కొబ్బరిచెట్లు పెట్టారు. అక్కడికెళ్తే కంపచెట్లు, ఇసుక తవ్విన గుంతలు, మెడదాకా ఒండ్రులో కూరుకుపోయిన హద్దురాయి.

కేసు నంబరు కనుక్కుని కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో చూడండి, నంబరు దొరక్కపోతే పార్టీ పేరుతో వెతకొచ్చు. స్థలంపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ చూసి ధైర్యపడొద్దు, మామూలుగా అందులో నడుస్తున్న కేసులు కనపడవు. ఆ కేసు స్థలంపై హక్కు గురించే అయితే, అది నడుస్తుండగా మీరు రిజిస్ట్రేషన్ చేయించుకున్నా తీర్పు మీకూ వర్తిస్తుంది, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత భూముల జాబితాలో ఉంటే సబ్‌రిజిస్ట్రార్ అసలు రిజిస్ట్రేషనే చేయడు. ఎఫ్‌ఎంబీ నకలు, జాయింట్ సర్వే రిపోర్టు సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

వెంచర్ వాళ్లకు ఫోన్‌లో ఒప్పుకోవడం, కాదనడం రెండూ వద్దు. కేసు ఏమైంది, అప్రూవల్ నంబరెంత, రియల్ ఎస్టేట్ వెంచర్లను నియంత్రించే రెరాలో నమోదు చేశారా అని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి అడగండి. అమ్మ తొందరలో ఒక న్యాయం లేకపోలేదు. అగ్రిమెంట్ అమలు కోసం దావా వేయాలంటే అందులో రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు, తేదీ రాయకపోతే వాళ్లు కుదరదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి. మీ అగ్రిమెంట్లో ఏముందో ఉత్తరంలో రాయలేదు. ఈ వారమే దాన్ని, నాన్న దాచిన రసీదుల్ని పట్టుకుని ఒక సివిల్ లాయర్ దగ్గరికి వెళ్లండి. కార్బన్ రసీదులైతే ముందు జిరాక్స్ తీయించండి, అక్షరాలు మాసిపోతుంటాయి.