37 తర్వాత 61 ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. 1, 7, 19, 37 తర్వాత వచ్చే సంఖ్య ఏదంటే 55 అని రాసింది. సరైన జవాబు 61 అని, తేడాలు 6, 12, 18 కనుక ఈసారి 24 కలపాలని చెప్పాను. "24 ఎందుకు రావాలమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: చివరి తేడా 18నే మళ్ళీ కలపడం వల్ల 55 వచ్చింది. ఆ పొరపాటు చిన్నది, కానీ మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా విలువైనది. తేడాలు ఆరేసి చొప్పున పెరుగుతున్నాయని గమనించడం వేరు, అలా ఎందుకు పెరుగుతున్నాయో తెలుసుకోవడం వేరు. అందుకు ధనుర్మాసంలో మన వాకిళ్ళలో వేసే చుక్కల ముగ్గు చాలు.

కళ్ళాపి చల్లిన నేల మీద అమ్మాయి చేత ఒక చుక్క పెట్టించి, దాని చుట్టూ సందు చుక్కల పద్ధతిలో, అంటే ఒక వరుసలోని రెండు చుక్కల మధ్య సందుకు ఎదురుగా పక్క వరుస చుక్క వచ్చేలా, ఆరు పెట్టించండి. వరుసలు 2, 3, 2గా కనిపిస్తాయి, మొత్తం 7. పక్కపక్కనున్న మూడు చుక్కలను కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది; దాని కోణం 60 డిగ్రీలు కాబట్టి నడిమి చుక్క చుట్టూ ఉన్న 360 డిగ్రీలలో అలాంటివి సరిగ్గా ఆరు పడతాయి. అందుకే ప్రతి చుట్టూ ఆరు భుజాల ఆకారమే. లోపలి చుట్టు కంటే బయటి చుట్టులో ఒక్కో భుజానికి ఒక్కో చుక్క పెరుగుతుంది, భుజాలు ఆరు కనుక మొత్తం మీద ఆరు పెరుగుతాయి. చుట్లు 6, 12, 18 అయ్యాక నాలుగోది 24 కాక తప్పదు.

చుక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే వరుసల మధ్య సుమారు 8.7 ఉండాలి. అక్కడా 10 ఇస్తే ముగ్గు నిలువుగా సాగుతుంది, అయినా చుక్కల లెక్క మారదు.

ఇక "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" ముగ్గును, అంటే నడిమి వరుసలో 15 పెట్టి పైకీ కిందికీ వరుసకొకటి చొప్పున 8 వరకు తగ్గించే ముగ్గును, రెండు విధాలుగా లెక్క కట్టించండి. నడిమి చుక్కకు అటూ ఇటూ ఏడేసి చుక్కలు కనుక చుట్లు ఏడు; చుట్ల ప్రకారం, నడిమి చుక్కతో కలిపి 1 + 6 × (1 + 2 + … + 7), అంటే 1 + 6 × 28 = 169. వరుసల ప్రకారం నడిమి వరుసలో 15, పైనా కిందా 8 నుంచి 14 వరకు కూడితే 77 చొప్పున 154, మొత్తం 169. రెండూ కలిశాక, 17 నుంచి 9 వరకు తగ్గే ముగ్గుకు ఎన్ని చుక్కలు కావాలో ఒక్కటీ పెట్టకుండా చెప్పమనండి, 217 రావాలి.